మాడలీన్‌కి ఆ బొడిపె ఎలా వస్తుంది?

ఫ్రాన్స్‌లో లొరేన్ ప్రాంతపు కొమెర్సీ పట్టణం మాడలీన్‌లకు పేరుపొందింది. ఆల్చిప్ప ఆకారపు ఈ చిన్న కేకుకి ఒకవైపు గీతలు, రెండోవైపు బొడిపె.

పిండి కలిపి కొన్ని గంటలు ఫ్రిజ్‌లో ఉంచి, చల్లగా ఉండగానే బాగా కాగిన ఓవెన్‌లో పెడతారు. అచ్చు అంచుల్లో పిండి పలుచగా ఉంటుంది కాబట్టి ముందే ఉడికి గట్టిపడుతుంది. నడుమ ఇంకా జారుగానే ఉంటుంది. ఆవిరి, బేకింగ్ పౌడర్ వాయువు అక్కడి పిండిని నెడతాయి. పక్కలకు దారి లేదు, పైకే పొంగాలి!

మరి ఈ కేకుకి నిమ్మ వాసన ఎక్కడిది? రసం కంటే తొక్కలోనే ఎక్కువ. పసుప్పచ్చని పైపొరలోని సన్నని తిత్తుల్లో సువాసన నూనె ఉంటుంది. తొక్కను తురిమి చక్కెరతో కలిపి వేళ్లతో నలిపితే తిత్తులు చిట్లి, నూనె చక్కెరకు పడుతుంది. ఆపై వెన్నలో కరుగుతుంది. నా లెక్కన ఈ పనిలో అన్నిటికన్నా ఇష్టంగా చేయాల్సింది ఇదే. కింది తెల్లపొర చేదు, దాన్ని తురమకండి. ఓవెన్ దగ్గర మాత్రం పెద్దవాళ్లను పిలవండి.