మిషనా, సంచీనా?

వేలూరు దగ్గరి లత్తేరిలో డెబ్బై దాటిన పెద్దాయన ఒకరున్నారనుకుందాం. ఏళ్ల తరబడి ఉన్న షుగరూ బీపీ కలిసి కిడ్నీలను తినేశాయి. రైల్లో కాట్పాడిలో దిగి వేలూరు వెళితే, డయాలిసిస్ మొదలుపెట్టాలన్నారు డాక్టరు. "ఏది మంచిది సార్?" అని అడిగేది వెంట వచ్చిన కొడుకు. పెద్దాయన్ని ఎవరూ ఏమీ అడగరు.

ఈ వయసులో ఇవన్నీ ఎందుకని నసిగే బంధువులుంటారు. కానీ 1945లో నెదర్లాండ్స్‌లో డాక్టర్ విలెమ్ కోల్ఫ్ తయారుచేసిన కృత్రిమ కిడ్నీతో, అంటే డయాలిసిస్ మిషనుతో, మొట్టమొదట బతికి బయటపడింది కుర్రాడు కాదు, 67 ఏళ్ల ముసలావిడ. 1971లోనే కిడ్నీ మార్పిడి చేసిన సీఎంసీ ఆసుపత్రి ఉన్న ఊరు వేలూరు. అయినా ఈ వయసులో మార్పిడి చాలామందికి అందదు. మిగిలేవి డయాలిసిస్‌లోని రెండు పద్ధతులు: రక్తాన్ని బయటికి తీసి కడిగే మిషను, కడుపులోకి ద్రవం పోసే సంచీ.

మిషనుకు ముందు చేతిలో ధమనినీ సిరనూ కలిపి ఫిస్టులా వేస్తారు. దానిమీద వేలు పెడితే పిల్లి గుర్రుమన్నట్టు తెలుస్తుంది. రోజూ పొద్దున్నే ఆ గుర్రు ఉందో లేదో చూసుకోవాలి. ఆ చేతికి బీపీ పట్టీ కట్టనివ్వకూడదు. ఫిస్టులా కుదురుకోవడానికి వారాలు పడుతుంది. షుగరుతో గట్టిపడిన రక్తనాళాలైతే కుదరకపోవచ్చు కూడా. మిషను దగ్గర నిమిషానికి అర లీటరు చొప్పున, నాలుగు గంటల్లో రక్తాన్ని కడిగే ద్రవం 120 లీటర్లు పారుతుంది. అంత పక్కనే పారుతున్నా, పెద్దాయన మాత్రం చెంబెడు నీళ్లకు లెక్క చూసుకోవాలి. రెండు రోజులు ఒంట్లో చేరిన నీటిని నాలుగు గంటల్లో లాగేస్తే బీపీ పడిపోతుంది. ఇంటికొచ్చి మంచమెక్కిన మనిషి మర్నాటికి గానీ తేరుకోరు. వారానికి మూడుసార్లు ఇదే తంతు. వెంట వచ్చేవారికి ఆ మూడు రోజుల కూలీ పోయినట్టే.

సంచీ పద్ధతిలో రక్తం బయటికి రాదు. పేగుల చుట్టూ ఉండే పల్చటి పొరే జల్లెడ. బొడ్డు పక్కన పెట్టిన మెత్తని గొట్టంలోంచి రెండు లీటర్ల చక్కెర ద్రవం కడుపులోకి దిగుతుంది. ఉప్పు వేస్తే మామిడి ముక్క నీరు వదిలినట్టు, ఈ చక్కెర ఒంట్లోని అదనపు నీటిని తనవైపు లాక్కుంటుంది. మలినాలూ అందులోకి దిగుతాయి. కొన్ని గంటలయ్యాక తీసేసి కొత్తది పోయాలి. ఇలా రోజుకు నాలుగుసార్లు, ఒక్కోసారి అరగంట. ఫ్యాను ఆపి, తలుపు వేసి, సబ్బుతో చేతులు కడుక్కుని, సంచీని మేకుకు తగిలించాలి. బయటికొచ్చిన సంచీని న్యూస్‌పేపరు మీద పెడితే అక్షరాలు చదవగలగాలి. మసకబారితే లోపల ఇన్ఫెక్షన్ అన్నమాట, ఆ సంచీ పట్టుకుని వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే. ద్రవంలోని చక్కెర రక్తంలోనూ కలుస్తుంది గనక షుగరు మందు మార్చాల్సి రావచ్చు.

నెలకు 120 సంచులంటే 240 కిలోల బరువు. తమిళనాడులో 2021లో మొదలైన 'మక్కళై తేడి మరుత్తువం' పథకం కింద సంచులు ఇంటికే తెచ్చిస్తారు. దించుకున్నాక చిన్న ఇంట్లో ఎక్కడ పేర్చాలన్నది వేరే తలనొప్పి.

మొత్తం మీద బతికే కాలంలో రెండింటికీ పెద్ద తేడా లేదు. హాంకాంగ్ 1985 నుంచీ సంచీకే మొదటి పీట వేస్తోంది. అందుకే "ఏది మంచిది?" అన్న ప్రశ్న నాకు అంతగా నచ్చదు. చేతులు వణుకుతున్నాయా, గొట్టం మూత కంటికి ఆనుతోందా, కడుపుకు పాత ఆపరేషన్లున్నాయా అన్నవి ముందు తేలాలి. ఫ్రాన్సులో సంచీ మార్చడానికి నర్సు ఇంటికి వస్తుంది. మనకు నర్సంటే కోడలే, కాబట్టి ఆమెనూ అడగాలి. గుండె జబ్బులాంటివి కూడా ఉన్న 75 దాటిన వారికి డయాలిసిస్ వల్ల కలిసొచ్చే కాలం తక్కువే కావచ్చు. మందులతో ఆయాసం, దురద తగ్గించుకుంటూ ఇంట్లోనే ఉండడం మూడో దారి. దాన్ని చేతులెత్తేయడం అనకూడదు.

ఇంతసేపూ ఊరుకున్న పెద్దాయన అప్పుడు నోరు విప్పి, "సాయంత్రం స్టేషను దాకా నడవొచ్చా సార్?" అని అడుగుతారనుకుందాం. మిషనైతే వారానికి మూడు సాయంత్రాలు కష్టమే. సంచీ అయితే కడుపులో రెండు లీటర్లు మోస్తూనే రోజూ నడవొచ్చు. కాకపోతే సంచీ మార్చే వేళకు ఇంటికి చేరాలి.