38 నిమిషాల దూరానికి గంటెందుకు?

కడప విమానాశ్రయం నుంచి బెజవాడ విమానాశ్రయమున్న గన్నవరానికి మ్యాప్ మీద తిన్నగా గీత గీస్తే సుమారు 310 కిలోమీటర్లు. కొండలు చుట్టుకుని పోయే రోడ్డు మీదైతే 350 దాటుతుంది. ఇలాంటి విమాన మార్గాల్లో తిరిగే ఏటీఆర్-72 విమానం వేగం గంటకు దాదాపు 500 కిలోమీటర్లు. భాగిస్తే 38 నిమిషాల లోపే. మరి టికెట్ మీద గంట ఎందుకు వేస్తారని మా అల్లుడి అనుమానం.

విమానయానంలో ప్రయాణ సమయమంటే గాల్లో ఉన్న సమయం ఒక్కటే కాదు. చక్రాలకు అడ్డుపెట్టిన దిమ్మలు తీసి కదిలినప్పటి నుంచి, అవతల ఆగి మళ్లీ దిమ్మలు పెట్టేదాకా లెక్కే. రన్‌వే చివరికి మెల్లగా నడవాలి. గాలికి ఎదురుగా లేవాలి కాబట్టి, ఒక్కోసారి గన్నవరానికి వీపు పెట్టి లేచి, గాల్లో తిరుగుతుంది. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఆ 500 వేగం ఉండదు. ఇంత చిన్న దూరంలో పూర్తి వేగంతో సాగేది కాసేపే.

కిటికీ పక్క కూర్చుంటే రెక్క కింద ఆరు రేకుల పంకా కనిపిస్తుంది. జెట్‌కన్నా నెమ్మదే గానీ, చిన్న దూరాలకు ఇంధనం ఆదా. పొట్టి రన్‌వే అయినా సరిపోతుంది. అందుకే చిన్న ఊళ్లకు ఇదే దిక్కు.

నా లెక్క వేరే: ఇంటి నుంచి ఎయిర్‌పోర్టుకు, అక్కడ గంటన్నర ముందు, విమానంలో గంట, అవతల బెజవాడలోకి ఇంకో అరగంట పైన. మొత్తం మూడున్నర గంటలు. కారులో ఏడు. సగం మిగులుతుంది, పొగమంచు లేకపోతే.