ఆకుపచ్చ దీపం వెలిగితేనే

ఏరా చిన్నోడా, నిన్న బంకులో ట్యాంకరు కనిపిస్తే అడిగావు కదా, "తాతా, ఆ లారీకి తీగ తగిలించారెందుకు, పారిపోతుందనా?" అని. అప్పుడు నవ్వేసి ఊరుకున్నాను. ముప్ఫై ఏళ్లు పెట్రోలు డిపోలో పనిచేసినవాణ్ణి, జవాబు చెప్పకపోతే నాకు నిద్ర పడుతుందా!

ముందు నీ స్వెట్టరు సంగతి చూద్దాం. చలికాలం చీకట్లో విప్పుతుంటే చిటపటమని మెరుస్తుంది కదా. రెండు వస్తువులు ఒరుసుకుని విడిపోయినప్పుడు ఒకదాని ఎలక్ట్రాన్లు కొన్ని రెండోదాని దగ్గర ఉండిపోతాయి. పుస్తకాల్లో దీన్ని ఆవేశం అంటారు. మీ నానమ్మ ఆవేశం వేరు, దానికి మీటరు లేదు. ఈ ఆవేశం నేలలోకి పోవడానికి దారి దొరక్కపోతే ఉన్నచోటే పోగుపడుతుంది. అదే స్థిర విద్యుత్తు. గొట్టంలో పారే పెట్రోలు కూడా గొట్టం గోడల్ని రాసుకుంటూ ఇలాగే ఆవేశాన్ని మూటగట్టుకుని ట్యాంకులోకి దిగుతుంది. లారీ నిలబడ్డది టైర్ల మీద. వాటి గుండా కొంత పోతుందేమో గానీ వాటిని నమ్ముకోలేం.

తలుపు గొళ్లెం ముట్టుకుని "అబ్బా" అంటావే, అప్పుడు నీ ఒంటి మీద సుమారు 3000 వోల్టులు ఉన్నట్టు. పెట్రోలు ఆవిరి గాలితో సరైన పాళ్లలో కలిస్తే, అంటుకోవడానికి 0.2 నుంచి 0.3 మిల్లీజౌళ్ల నిప్పురవ్వ చాలు. ఎంతో తెలుసా? నేనే కాగితం మీద లెక్కేశాను: ఒక్క బియ్యపు గింజను మీటరు ఎత్తుకి లేపేంత శక్తి! నీ "అబ్బా"లో దానికి రెండు మూడు రెట్లుంటుంది.

నీళ్లతో కూడా ప్రమాదమే. 1969 డిసెంబరులో, ఒక్క నెలలోనే, ఆఫ్రికా తీరాలకు దూరంగా మూడు పెద్ద చమురు ఓడలు పేలాయి. వాటిలో మార్పెస్సా మునిగిపోయింది. మూడింటిలోనూ ఖాళీ ట్యాంకుల్ని నీటి ధారలతో కడుగుతున్నారు. ఆ తుంపర్లలో పుట్టిన ఆవేశమే కారణమై ఉంటుందని తేల్చారు. తర్వాత అలాంటి ఓడల ట్యాంకుల్లో, మంటకు తిండి దొరక్కుండా, ఆక్సిజన్ తక్కువ ఉన్న వాయువు నింపడం మొదలుపెట్టారు.

ఇక తీగ సంగతి. దాని పని ట్యాంకరునీ నేలనూ కలపడమే. డిపోలో దాని వెనక ఒక పెట్టె ఉంటుంది. తీగ దారి సరిగ్గా ఉంటే పచ్చదీపం, లేకపోతే ఎర్రదీపం. పచ్చ వెలిగితేనే పంపు తిరుగుతుంది. ఆ దారి నిరోధం 10 ఓములు దాటకూడదు. ఇక్కడే ఓ తమాషా ఉంది. స్థిర విద్యుత్తు ప్రవాహం మైక్రో ఆంపియర్లలో ఉంటుంది; అది పోవడానికి 10 లక్షల ఓముల దారైనా సరిపోతుంది. మరి 10 ఎందుకు? నీకు జ్వరం చూసేటప్పుడు ఒళ్లు కాలిందని కాదు కదా భయం, లోపల ఏదో ఉందని. బాగున్న లోహపు దారి ఎప్పుడూ పదికి లోపే చూపిస్తుంది. దాటిందంటే తుప్పో, రంగు పొరో, వదులైన బోల్టో ఉన్నట్టు. ఇవాళ 50 చూపించేది రేపు పూర్తిగా తెగొచ్చు. మనం నిఘా పెట్టేది ఆవేశం మీద కాదు, అది నడిచే దారి మీద.

ఇంకోటి. గొట్టం మూతి పెట్రోలులో మునిగేదాకా సెకనుకి ఒక మీటరు వేగం మించకుండా పోస్తారు. నింపడం అయ్యాక కూడా కొలకర్ర వెంటనే దించరు, ఆవేశం కరిగిపోవాలని కాసేపు ఆగుతారు. కొత్తవాళ్లకి ఈ ఆగడమే అన్నిటికన్నా కష్టం.

ఒకసారి ఓ డ్రైవరు క్లిప్పు తగిలించాడు, ఎర్రదీపమే. "చూడండి సార్, పెట్టాను కదా! మీ దీపమే పాడైంది" అని నాతో వాదన. వెళ్లి చూస్తే కొత్తగా రంగేసిన మడ్‌గార్డుకి తగిలించాడు. క్లిప్పు పళ్లు రంగు మీదే ఆగిపోయాయి. స్పానరుతో గోకి, ఇనుము తేలాక మళ్లీ పెట్టించాను. పచ్చదీపం వెలిగింది. అతను మాత్రం గోకిన రంగుకి డబ్బులెవరిస్తారని వారం రోజులు నాతో మాట్లాడలేదు.