బ్రాంచి ఎంచుకునే ముందు

“ముందు ఇంజినీరింగులోని అన్ని విభాగాలూ కొంత చదివి, తర్వాత ఒకటి ఎంచుకోవచ్చా?” అని ఇంటర్ విద్యార్థులు అడుగుతుంటారు. తెలంగాణలో సాధారణంగా ఆ వీలు లేదు. ఎప్‌సెట్ కౌన్సెలింగులోనే కళాశాలతో పాటు బ్రాంచినీ కోరుకోవాలి.

1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుంచి అనేక ఇళ్లలో ఇంజినీరింగ్ అంటే కంప్యూటర్ సైన్సే అన్న భావన బలపడింది. అయితే అటువంటి భవనాల నిర్మాణానికి సివిల్, విద్యుత్తుకు ఎలక్ట్రికల్, లిఫ్టులకూ ఏసీలకూ మెకానికల్ ఇంజినీర్లు కావాలి.

కనుక తల్లిదండ్రులారా! ఆప్షన్లు పెట్టే ముందు రెండు మూడు బ్రాంచీల నాలుగేళ్ల పాఠ్యప్రణాళికను మీ బిడ్డ ముందుంచండి. వాటిలో చదువుతున్న వారితో మాట్లాడనివ్వండి. దేని గురించి తనంతట తానుగా ప్రశ్నలు వేస్తే మొగ్గు అటే ఉన్నట్లు. నాలుగేళ్లూ చదవవలసింది బిడ్డే. మీరు సలహా ఇవ్వండి, చివరి మాట బిడ్డను చెప్పనివ్వండి.