ఎవరి ముక్కుకు వారి మల్లె

పెరట్లో ఒక్క పొద పూస్తే చాలు, ఇల్లంతా గుబాళిస్తుంది. అయితే ఆ గుబాళింపు ఇంట్లో అందరికీ ఒకేలా అందదు. మొక్కకు ఏం కావాలో, ముక్కు ఎలా పనిచేస్తుందో రెండూ తెలిసినప్పుడే పూలతోట పెట్టిన ఫలితం పూర్తిగా దక్కుతుంది.

మార్చి దాటిందంటే ముండ్లమూరు, దర్శి చుట్టుపక్కల మెట్ట పల్లెల్లో మిట్టమధ్యాహ్నం గడప దాటడానికి జంకుతారు. పొద్దు వాలాకే వాకిట్లో నీళ్లు చల్లి మంచాలు వాల్చుకుంటారు. సరిగ్గా ఆ వేళకే మల్లె విచ్చుకుంటుంది. పగలంతా ఎండను ఓర్చుకుని సాయంత్రానికి తావినిచ్చే ఈ మొక్క మెట్టప్రాంతానికి వరం. నాగార్జునసాగర్ కుడికాలువ నీళ్లు అందని చోట బోరే దిక్కు. అయినా పాదులో బిందెడు నీళ్లు పోసే ఓపిక ఉన్న ఇంట మల్లె నిలుస్తుంది.

కత్తెర పడితేనే మొగ్గ

మల్లె ముదురు కొమ్మకు పూయదు, కొత్త చిగురు కొసలకే మొగ్గ తొడుగుతుంది. అందుకే కార్తీకం వెళ్లాక నీళ్లు ఆపి పొదను కాస్త వాడనిస్తారు. డిసెంబరు, జనవరిలో నేలకు మూరెడు ఎత్తు ఉంచి కొమ్మలు కత్తిరించి, మిగిలిన ఆకు దూసేస్తారు. అప్పుడు చూస్తే మొక్క చచ్చిపోయిందనే అనిపిస్తుంది. పాదు తవ్వి, మాగిన పశువుల ఎరువు వేసి నీళ్లు పెట్టాక కణుపు కణుపుకూ చిగురు పొడుచుకొస్తుంది. వేసవి పూత అంతా ఆ చిగుళ్లదే. రోజుకు కనీసం ఆరు గంటల ఎండ తగలాలి. నీడన పెంచితే ఆకు ఏపుగా వస్తుంది, పూత రాదు.

సున్నపు పాలు ఎక్కువున్న నేలల్లో లేత ఆకులు పసుపు పచ్చబడి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. అది ఇనుము లోపం. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మఉప్పు కలిపి పిచికారీ చేస్తే ఆకు తేరుకుంటుంది.

పొద్దున్నే కోసిన మొగ్గను ముక్కు దగ్గర పెట్టుకుంటే పెద్దగా వాసన తెలియదు. చల్లబడే వేళకు రేకులు ఒక్కొక్కటే వదులవుతాయి, తావి బయటికి వస్తుంది. ఆ తెలుపూ ఆ తావీ చీకట్లో తిరిగే చిమ్మటలను పిలవడానికే. కొమ్మ నుంచి విడివడ్డాక కూడా మల్లె, జాజి పరిమళాన్ని తయారుచేస్తూనే ఉంటాయి. ఫ్రాన్స్‌లోని గ్రాస్ పట్టణంలో ఒకప్పుడు అత్తరు తీసేవాళ్లు జాజిపూలను కొవ్వు పూసిన అద్దపు పలకల మీద పరిచింది ఇందుకే.

ముక్కు ముక్కుకూ తేడా

మల్లె తావి ఒక్క పదార్థం కాదు. బెంజైల్ ఎసిటేట్, లినలూల్ లాంటివెన్నో కలిస్తే ఆ వాసన వస్తుంది. అందులో ఇండోల్ కూడా ఉంది. మోతాదు మించితే పేడకంపు కొట్టే పదార్థమది. మల్లెలో పిసరంత ఉండి ఆ మత్తుకు కారణమవుతుంది. మూరెడు దండ హాయిగా ఉన్నవారికే మూసిన గదిలో తట్టెడు పూలు తలనొప్పి తెప్పించవచ్చు.

లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ అనే శాస్త్రవేత్తలు వాసనను పట్టే గ్రాహకాల జన్యువులను 1991లో లోకానికి చూపించారు. 2004లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది. మనిషి ముక్కులో ఇలాంటి గ్రాహకాలు దాదాపు 400 రకాలున్నాయి. అవి మనిషికీ మనిషికీ కొద్దికొద్దిగా మారుతుంటాయి. అమెరికా వృక్షశాస్త్రవేత్త ఆల్బర్ట్ బ్లేక్స్‌లీ 1918లోనే వెర్బెనా పూలతో ఈ తేడాను గమనించాడు. కొందరికి గులాబీరంగు పువ్వే వాసన వేసింది, ఎర్రది వేయలేదు. మరికొందరికి ఎర్రదే వాసన వేసింది. పూలలో ఉండే బీటా అయొనోన్ అనే పదార్థం కొందరికి పరిమళంగా, కొందరికి పుల్లటి వాసనగా తోచడానికి ఒకే జన్యువులోని తేడా కారణమని 2013లో న్యూజిలాండ్ పరిశోధకులు తేల్చారు. కాబట్టి అత్తగారు ఘుమఘుమ అన్న పువ్వును కోడలు ‘ఏమంత లేదు’ అంటే ఇద్దరిదీ నిజమే.

పైగా ఒకే వాసనలో కాసేపు ఉంటే ముక్కు దానికి అలవాటు పడిపోతుంది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నట్టు, పెరటి మల్లె ఇంటివాళ్లకు తెలియదు. గేటు తీసుకుని వచ్చిన చుట్టం ‘అబ్బ, మల్లెలు!’ అంటారు. వాసన తగ్గిందని మొక్కను తప్పుబట్టకండి, వీధిలోకి వెళ్లి ఓసారి తిరిగి రండి.

ఎక్కడ ఏ మొక్క?

మల్లె, జాజి వాకిట్లో మంచాలు వేసుకునే వైపు ఉండాలి. రాత్రిరాణిది ఘాటైన వాసన, దాన్ని పడకగది కిటికీకి దూరంగా నాటాలి. పారిజాతం తెల్లవారేసరికి రాలుతుంది కాబట్టి పొద్దున నడిచే దారి పక్కన బాగుంటుంది. సంపెంగ చెట్టవుతుంది, దానికి ప్రహరీ మూల చాలు. కనకాంబరానికి రంగే తప్ప తావి లేదు. అందుకే మన ఆడవాళ్లు దాని పక్కన మరువం, దవనం చేర్చి కడతారు. ఆ రెండూ కుండీలోనే పెరుగుతాయి.

ఏ మొక్కను ఎక్కడ నాటినా ముక్కు సహకరించాలి కదా. వయసుతో పాటు వాసన తెలిసే శక్తి తగ్గుతుంది. కొవిడ్ తర్వాత దాన్ని పోగొట్టుకున్నవారూ మన మధ్యే ఉన్నారు. వాసన తెలియనివారి కోసం జర్మనీలోని డ్రెస్డెన్ వైద్యులు 2009లోనే ఒక సాధన పద్ధతిని ప్రచురించారు. గులాబీ, యూకలిప్టస్, నిమ్మ, లవంగం వాసనలను రోజూ రెండుపూటలా 12 వారాల పాటు పీలిస్తే కొందరికి మెరుగు కనిపించింది.

తొలకరికి ఒక మల్లె అంటు తెచ్చి నాటండి. పూత మొదలయ్యాక ఇంట్లో పెద్దవాళ్ల చేతిలో నాలుగు మొగ్గలు పెట్టి, వాసన ఎలా ఉందో అడగండి. ఏమీ తెలియడం లేదంటే వయసు మీద తోసేయకుండా డాక్టరుకు చూపించండి. గ్యాస్ లీకైనా, కూర పాచిపోయినా ముందు చెప్పేది ముక్కే.