మీకు తెలుసా? మనోడు గీత తొక్కితే...

చీపురుపల్లి చుట్టుపక్కల సంక్రాంతి కబడ్డీ చూసినవాళ్ళకి సున్నం గీత సంగతి వేరే చెప్పక్కర్లేదు. పొద్దున్నే తాడు పట్టి పోస్తారు. మధ్యాహ్నానికి సగం చెరిగిపోతుంది. ఫైనల్‌కి ముందు మళ్ళీ తడి సున్నం పోస్తారు. మా పల్లెల్లో గీత తొక్కినా ఔటే. నా చిన్నప్పుడు ఒక ఫైనల్లో మా ఊరి కుర్రాడు కూత పెట్టి వెళ్ళి, ఇద్దర్ని తాకి వచ్చేశాడు. తిరిగొస్తూ పక్క గీత తొక్కాడని అవతలి ఊరివాళ్ళు గొడవ పెట్టారు. "తొక్కనేదు, తొక్కనేదు" అని మా వైపు నుంచి ఒకటే కేకలు. నేనూ గొంతు పోయేలా అరిచాను. కప్పు మాకే వచ్చింది. ఆట అయ్యాక చెరువుగట్టు మీద వాడు కాళ్ళు కడుక్కుంటుంటే మడమకి తెల్లగా సున్నం కనపడింది. పక్కనున్న పదిమందీ చూశారు. ఒక్కరూ నోరు విప్పలేదు. నేను కూడా.

అప్పటి నుంచి ఇలాంటి కథ ఎక్కడ కనపడినా దాచుకుంటున్నాను. వాటిలో కొన్ని ఇవి.

◆ ఒకే ఆటను రెండు కాలేజీలవాళ్ళు రెండు ఆటలుగా చూశారని మీకు తెలుసా? 1951 నవంబరులో అమెరికాలో ప్రిన్స్‌టన్, డార్ట్‌మత్ జట్లు ఫుట్‌బాల్ ఆడాయి. అక్కడి ఫుట్‌బాల్ అంటే కోలబంతిని చంకలో పెట్టుకుని పరుగెత్తేది, అడ్డొచ్చినవాణ్ణి గుద్ది పడేసేది. ప్రిన్స్‌టన్ మొనగాడు డిక్ కజ్మయర్‌కి ముక్కు విరిగింది. తర్వాత డార్ట్‌మత్ ఆటగాడికి కాలు విరిగింది. ప్రిన్స్‌టన్ 13-0తో గెలిచింది గానీ, తప్పు మీదంటే మీదని రెండు కాలేజీలూ వారాల తరబడి పత్రికల్లో తిట్టుకున్నాయి.

ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలకు ఇక్కడే ఒక ఆలోచన వచ్చింది. డార్ట్‌మత్ నుంచి ఆల్బర్ట్ హాస్టార్ఫ్, ప్రిన్స్‌టన్ నుంచి హాడ్లీ కాంట్రిల్ కలిసి, అదే ఆట ఫిల్మును రెండుచోట్లా విద్యార్థులకు వేసి చూపించి, కనపడిన తప్పులన్నీ రాయమన్నారు. డార్ట్‌మత్ జట్టు చేసిన తప్పులు ప్రిన్స్‌టన్ పిల్లలకు సగటున 9.8 కనపడ్డాయి. డార్ట్‌మత్ పిల్లలకు 4.3. ఫిల్మొకటే, తెర మీద బొమ్మా ఒకటే. 1954లో అచ్చయిన ఈ పరిశోధనను మనస్తత్వ శాస్త్రం చదివేవాళ్ళకు ఇప్పటికీ పాఠంగా చెబుతారు. ఆ పిల్లలు అబద్ధం ఆడారని నేననుకోను. నాకూ ఆ రోజు గీత మీద కాలు కనపడలేదు మరి.

◆ ఆ ఫిల్ముకే ఇంకో కథ ఉంది. దూరప్రాంతంలో ఉన్న డార్ట్‌మత్ పూర్వ విద్యార్థులు దాన్ని తెప్పించుకున్నారు. ఊళ్ళో వేసేముందు ఒకాయన ముందుగా చూసుకున్నాడు. తమవాళ్ళు అంత ఘోరంగా ఆడారని పత్రికలు రాశాయి కదా, ఆ ఘోరం ఫిల్ములో ఎంత వెతికినా ఆయనకు కనపడలేదు. ముఖ్యమైన భాగాలు కత్తిరించి పంపినట్టున్నారని అనుకుని, ఆ ముక్కలు వెంటనే విమానం టపాలో పంపండి, అతికించే సరంజామా మా దగ్గరుంది అని టెలిగ్రాం కొట్టాడు. కత్తిరించిన ముక్కలేవీ లేవు.

◆ అభిమానం ముదిరి డబ్బు సంచీ విప్పితే ఏమవుతుందో డాలస్‌లో తెలిసింది. ఇప్పుడు మనవాళ్ళు గుంపులుగా ఉంటున్న ఊరే అది. అక్కడి సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టుకి డబ్బున్న అభిమానులు ఎక్కువ. కాలేజీ ఆటగాళ్ళకు జీతం ఇవ్వకూడదన్నది అప్పటి నియమం. అయినా 13 మంది ఆటగాళ్ళకు నెలనెలా చాటుగా డబ్బు ముట్టింది, మొత్తం 61,000 డాలర్లు. 1987 ఫిబ్రవరి 25న కాలేజీ క్రీడల సంఘం ఆ ఏడాది సీజన్ మొత్తం రద్దు చేసింది. ఆడేవాళ్ళు మిగలక 1988లో యూనివర్సిటీ తనకు తానే ఆట మానుకుంది. సంఘం వేసిన ఆ సీజన్ రద్దు శిక్షను అక్కడ మరణశిక్ష అనే పిలుస్తారు. అప్పటి టెక్సస్ గవర్నర్ బిల్ క్లెమెంట్స్ అంతకుముందు ఆ యూనివర్సిటీ పాలకమండలి పెద్ద. సంగతి తెలిసీ చెల్లింపులు కొనసాగనిచ్చామని ఆయనే ఒప్పుకున్నారు. ఆ జట్టు సీజన్ చివర్లో జరిగే బౌల్ పోటీకి మళ్ళీ చేరింది 2009లో. అప్పుడు ఆడిన కుర్రాళ్ళలో చాలామంది ఆ శిక్ష పడేనాటికి పుట్టనేలేదు.

◆ మిషిగన్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు సంగతి మన పిల్లలు చదువుతున్న ఆన్ ఆర్బర్‌లో ఎవరినడిగినా చెబుతారు. మైదానం పక్క నుంచి కోచ్‌లు చేతులతో చేసే సైగలను, ఎదుటి జట్ల ఆటలకు మనుషులను పంపి ముందే చిత్రీకరించుకున్నారని 2023 అక్టోబరులో ఆరోపణ వచ్చింది. కోచ్ జిమ్ హార్బాని మూడు ఆటలు దూరం పెట్టారు. అభిమానులు వెనక్కి తగ్గారా? మిషిగన్ ఒకవైపు, లోకమంతా ఒకవైపు అనే రాతలున్న చొక్కాలు వేసుకుని స్టేడియం నింపారు. 2024 జనవరి 8న జట్టు జాతీయ టైటిల్ గెలిచింది. 2025 ఆగస్టులో కోట్ల డాలర్ల జరిమానాలు పడ్డాయి. టైటిల్ మాత్రం వాళ్ళ దగ్గరే ఉంది.

◆ నియమమే మారిపోతే పాత తప్పు ఏమవుతుంది? డబ్బు, కానుకలు పుచ్చుకున్నాడని తేలిన అమెరికా ఫుట్‌బాల్ ఆటగాడు రెజీ బుష్, కాలేజీ ఆటగాళ్ళలో మేటికిచ్చే హైస్మన్ ట్రోఫీని 2010లో వదులుకున్నాడు. 2021 నుంచి కాలేజీ ఆటగాళ్ళు తమ పేరు మీద సంపాదించుకోవచ్చన్నారు. 2024 ఏప్రిల్‌లో ట్రోఫీ తిరిగి ఆయనకే ఇచ్చారు.

◆ మ్యాచ్ ఫిక్సింగ్ వ్యవహారంలో మన హైదరాబాదు అజహరుద్దీన్‌పై 2000 డిసెంబరులో క్రికెట్ బోర్డు జీవితకాల నిషేధం పెట్టింది. అది చెల్లదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది 2012 నవంబరులో. ఈలోగా 2009లోనే మొరాదాబాద్ ఓటర్లు ఆయన్ను లోక్‌సభకు పంపేశారు. కోర్టు కంటే జనం మూడేళ్ళు ముందున్నారు.

◆ చెన్నై జట్టుకు పడ్డ శిక్ష విశాఖకు ఒక మరిచిపోలేని రాత్రి తెచ్చిపెట్టిందని మీకు తెలుసా? బెట్టింగ్ వ్యవహారంలో చెన్నై సూపర్ కింగ్స్‌ను జస్టిస్ లోధా కమిటీ 2015 జూలై 14న రెండేళ్ళు పక్కనపెట్టింది. ధోని పుణె జట్టుకు వెళ్ళాడు. 2016 వేసవిలో మహారాష్ట్రలో కరవు వచ్చి, మైదానాలకు నీళ్ళేమిటని బొంబాయి హైకోర్టు ఆటలను బయటికి పంపమంది. పుణె వాళ్ళు విశాఖను ఎంచుకున్నారు. అలా మే 21న మధురవాడ మైదానంలో, అక్షర్ పటేల్ వేసిన ఆఖరి ఓవర్లో 23 పరుగులు కావాల్సి ఉండగా, ధోని చివరి రెండు బంతులనూ సిక్సర్లుగా లేపి గెలిపించాడు. శిక్ష ముగిసి 2018లో చెన్నై తిరిగొచ్చినప్పుడు, కావేరి ఆందోళనల వల్ల వాళ్ళ సొంత ఆటలు పుణెకు మారాయి. సుమారు వెయ్యిమంది అభిమానులను ప్రత్యేక రైల్లో అక్కడికి తీసుకెళ్ళారు. రెండేళ్ళ నిషేధం వాళ్ళ ప్రేమను ఒక్క వీసమూ తగ్గించలేదు.

◆ మన విజయనగరం పేరే ఒక పెద్ద వివాదంలో ఉంది. 1936లో ఇంగ్లండ్ వెళ్ళిన భారత జట్టుకు నాయకుడు విజయనగరం రాజకుమారుడు, అందరూ విజ్జీ అని పిలిచే విజయానంద గజపతిరాజు. బాగా ఆడుతున్న లాలా అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ తప్పాడంటూ మొదటి టెస్టుకు ముందే ఇంటికి పంపించారు. ఇక్కడ గగ్గోలు పుట్టింది. బొంబాయి ప్రధాన న్యాయమూర్తి జాన్ బోమంట్ అధ్యక్షతన కమిటీ వేశారు. 1937 జనవరిలో ఆ కమిటీ అమర్‌నాథ్ తప్పేమీ లేదంది, విజ్జీ నాయకత్వాన్ని తప్పుపట్టింది. ఆ పర్యటనలో ఆడిన మూడు టెస్టుల్లో విజ్జీ సగటు 8.25. యూనివర్సిటీల క్రికెట్లో విజ్జీ ట్రోఫీ ఆయన పేరు మీదిదే. మా జిల్లా మనిషి కాబట్టి ఈ కథ చదివినప్పుడల్లా ఆయన వైపు ఏదైనా దొరుకుతుందేమోనని వెతుకుతాను. దొరికినంతలో నాకు అమర్‌నాథ్ వైపే న్యాయం కనపడుతోంది.

◆ ఇక ఇది మన ఇంటి గుమ్మంలోని సంగతి. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000 సెప్టెంబరు 19న సిడ్నీ ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్‌లో 110, 130 కలిపి 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. ఆ తర్వాత ఈ ఆటకు మందుల మచ్చ పట్టుకుంది. డోపింగ్ కేసులు వరసగా బయటపడి, భారత వెయిట్‌లిఫ్టింగ్ సమాఖ్య మీద 5 లక్షల డాలర్ల జరిమానా పడింది. అది కట్టకపోతే 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో మనవాళ్ళకు వేదిక ఎక్కే వీలే లేదు. ఎవరో తిన్న మందుకి, ఏ మందూ ముట్టని పిల్లలూ దినదినగండంగా ఎదురుచూశారు.

ఈ పరీక్ష ఎలా ఉంటుందంటే, ఆటగాడి మూత్రాన్ని రెండు సీసాల్లో పోసి సీలు వేస్తారు, ఎ, బి అని. ఎ సీసాలో మందు కనపడితే, బి సీసా కూడా విప్పి చూడమని అడిగే హక్కు ఆటగాడికి ఉంది. తెలిసి తిన్నావా, తెలియక తిన్నావా అన్నది తర్వాతి మాట. ఒంట్లో దొరికిందంటే బాధ్యత నీదే. ఇందులో అభిమానుల అరుపులకు చోటు లేదు. మడమ మీది సున్నం లాంటిదే.

నెల్లిమర్ల మండలం కొండవెలగాడ పేరు మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు, బరువులెత్తే పిల్లల ఊరు అది. ఆ ఊరి మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో, 53 కిలోల విభాగంలో మొత్తం 188 కిలోలు ఎత్తింది. మూడో స్థానం, కంచు. స్వర్ణం నైజీరియాకు చెందిన 16 ఏళ్ళ అమ్మాయిది. క్రీడలు ముగియక ముందే ఆ అమ్మాయి నమూనాలో నిషిద్ధ మందు దొరికింది. స్వర్ణం పాపువా న్యూ గినీ లిఫ్టర్ డికా టోవాకి వెళ్ళింది. సంతోషి కంచు వెండి అయింది. నాలుగో స్థానంలో ఉన్న మన దేశపు స్వాతి సింగ్‌కి కంచు దక్కింది.

అప్పుడు మా వైపు జనం నియమాన్ని నెత్తిన పెట్టుకున్నారు. నేనూ సంబరపడ్డాను. కానీ నైజీరియాలో ఆ పిల్ల ఊరివాళ్ళు కూడా ఆ రాత్రి ఏదో ఒక అరుగు మీద కూర్చుని, మా అమ్మాయి అలాంటిది కాదని అనుకునే ఉంటారు. సంతోషికి వెండి దక్కింది గానీ, గ్లాస్గోలో జనం చప్పట్ల మధ్య ఆమె నిలబడింది మాత్రం మూడో మెట్టు మీదే.