లేపాక్షి: తలెత్తి చూడాల్సిన ఊరు

హిందూపురానికి తూర్పున సుమారు 15 కిలోమీటర్ల దూరంలో, బండరాళ్ల గుట్టల నడుమ ఉన్న ఊరు లేపాక్షి. 2022 ఏప్రిల్ వరకు ఇది అనంతపురం జిల్లాలో ఉండేది. జిల్లాల పునర్విభజన తర్వాత శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది. బెంగళూరు ఇక్కడికి 120 కిలోమీటర్ల దూరం. అందుకే వారాంతాల్లో తెలుగు మాటతో సమానంగా కన్నడ మాట వినిపిస్తుంది. 44వ నంబరు జాతీయ రహదారి మీద వెళ్లేవారు కొడికొండ చెక్‌పోస్టు దగ్గర పడమటికి తిరిగితే కాసేపట్లో ఊరు చేరతారు. రైల్లో వచ్చేవారు హిందూపురంలో దిగి ఆర్టీసీ బస్సో ఆటోనో పట్టుకోవాలి.

అనంతపురం పీఠభూమికి నైరుతి రుతుపవనాల వానను పడమటి కనుమలు అడ్డుకుంటాయి. ఈశాన్య రుతుపవనాలు తూర్పు తీరాన్ని తడిపి ఇక్కడికి వచ్చేసరికి సన్నగిల్లుతాయి. ఏడాది మొత్తం మీద పడే సగటు వాన 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. వాన లేదన్న మాటే గానీ రాయికి కొదవ లేదు. నేలలోంచి పొడుచుకొచ్చిన గ్రానైటు బండలు ఎటు చూసినా కనిపిస్తాయి. లేపాక్షి శిల్పులు చాలాచోట్ల రాయిని మోసుకొచ్చే పని పెట్టుకోలేదు, అది ఉన్నచోటికే వెళ్లి చెక్కారు. గుడి కట్టిన గుట్ట తాబేలు డిప్పలా ఉంటుంది కాబట్టి దానికి కూర్మశైలమని పేరు.

గుట్ట మీది వీరభద్రస్వామి ఆలయం విజయనగర కాలం నాటిది. అచ్యుతదేవరాయలు రాజ్యం చేసిన కాలంలో (1529–1542) పెనుకొండ సీమలో అధికారులుగా ఉన్న విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు దీన్ని కట్టించారు. గుడిలోని శాసనాలు ఎక్కువగా కన్నడంలో ఉన్నాయి. ఆ రోజుల్లో ఈ సీమలో రెండు భాషలూ కలిసే నడిచేవి. వీరభద్రుడి గర్భగుడి ఉత్తరముఖంగా ఉంటుంది. పాపనాశేశ్వరుడు, రఘునాథస్వామి ఎదురెదురుగా కొలువై ఉంటారు. శివుడూ విష్ణువూ ఒకే కప్పు కింద ఒకరినొకరు చూసుకుంటూ ఉన్న ఈ అమరికను చాలామంది గమనించకుండానే దణ్ణం పెట్టుకుని వెళ్లిపోతుంటారు.

వచ్చినవారిలో ఎక్కువమంది వెతుక్కునేది వేలాడే స్తంభాన్ని. నాట్యమండపంలోని 70 స్తంభాల్లో మూలగా ఉన్న ఒకటి నేలను పూర్తిగా ఆనదు. కింద సన్నని సందు ఉంటుంది. ఆ సందులోంచి తువ్వాలో కాగితమో ఇటునుంచి అటు లాగి చూడటం ఇక్కడ ఎప్పటినుంచో ఉన్న ఆట. బ్రిటిష్ కాలంలో ఒక ఇంజనీరు దాని రహస్యం తేల్చుకుందామని కదిలించబోయాడనీ, దాంతో మిగతా స్తంభాలు కూడా కదిలాయనీ గైడ్లు చెబుతారు. కప్పు బరువు చుట్టూ ఉన్న మిగిలిన స్తంభాల మీద, దూలాల మీద పంచుకుని ఉంది కాబట్టి ఈ ఒక్కటి పైనుంచి పట్టుకుని నిలిచి ఉంటుంది. వింతే, కాదనలేం. కానీ స్తంభం అడుగున గుడ్డ తీసి ఫొటో దిగి వెనుదిరిగేవారు లేపాక్షిలో అసలు చూడవలసినదాన్ని వదిలేసి వెళ్తున్నట్టే. అది వారి తలమీదే ఉంటుంది.

నాట్యమండపం మధ్యలో కప్పుకు పెద్ద పద్మం చెక్కి ఉంది. చుట్టూ ఉన్న స్తంభాలమీద ఒక కచేరీ జరుగుతుంటుంది. రంభ ఆడుతుంది, బ్రహ్మ మద్దెల వాయిస్తాడు, తుంబురుడు వీణ పట్టుకుంటాడు. మూడు కాళ్ల భృంగి నాట్యాచార్యుడిగా అడుగులు నేర్పుతాడు. ఇంత శిల్పసంపద చూశాక కళ్లు పైకి తిప్పితే రంగుల లోకం మొదలవుతుంది. రాతి కప్పుమీద సున్నపు పూత పూసి, ముందుగా ఎర్రని గీతలతో రూపాలు గీసి, తర్వాత రంగులు నింపి, చివర నల్లని గీతతో అంచులు తేల్చారు. నేలరంగు ఎక్కువగా కాషాయం కలిసిన ఎరుపు. పసుపు, ఆకుపచ్చ, తెలుపు, నలుపు దానిమీద మెరుస్తాయి. ఒక పొడవాటి పట్టీలో కిరాతార్జునీయం నడుస్తుంది. అర్జునుడి తపస్సు, దూసుకొచ్చే పంది, వేటగాడి వేషంలో శివుడు వరుసగా కనిపిస్తారు. మరోచోట ద్రౌపదీ స్వయంవరం, ఇంకోచోట రామ పట్టాభిషేకం, మర్రాకుమీద పడుకుని కాలిబొటనవేలు నోట్లో పెట్టుకున్న చిన్నికృష్ణుడు. ఆ కృష్ణుడు ఎటునుంచి చూసినా మనవైపే చూస్తున్నట్టు ఉంటాడని ఊళ్లో మాట.

పార్వతీకల్యాణం దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి. పెళ్లికి వచ్చిన ఆడవాళ్లు వరుసగా నిలబడి ఉంటారు. ఒకరి చీరలాగా ఇంకొకరి చీర ఉండదు. ఒకదానిమీద గళ్లు, ఒకదానిమీద చారలు, మరోదానిమీద చిన్న చిన్న పూలు, అంచు వేరు, కొంగు వేరు. జడలు, కొప్పులు, చేతి కడియాలు కూడా ఎవరివి వారివే. మగవాళ్ల తలల మీద పొడవుగా మొనదేలిన కుళ్లాయిలు ఉంటాయి. 16వ శతాబ్దంలో ఈ సీమలో డబ్బున్నవారు ఏం కట్టుకున్నారో, ఎలా అలంకరించుకున్నారో తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి ఆధారం దొరకడం కష్టం.

లోపలి అర్ధమండపం కప్పు నిండా వీరభద్రుడే. సుమారు 24 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పున్న ఈ చిత్రం ఒకే మూర్తిని చూపే కుడ్యచిత్రాల్లో దేశంలోకెల్లా పెద్దదని చెబుతారు. ఆ మహామూర్తి పాదాల దగ్గర భక్తులుగా చిన్నగా కనిపించేవారు గుడి కట్టించినవారే. విరూపణ్ణ, వీరణ్ణ తమ పరివారంతో ప్రసాదం అందుకుంటున్న చిత్రం కూడా ఉంది. లోపల వెలుతురు తక్కువ. ఎండ చురుక్కుమని బయట నేలమీద పడి లోపలికి తిరిగి కొట్టే వేళ రంగులు బాగా తేలతాయి. నడుము నొప్పి లేనివారు గోడకు ఆనుకుని కింద కూర్చుని పైకి చూడటం మేలు.

విరూపణ్ణ గురించి ఒక విషాదగాథ ప్రచారంలో ఉంది. అతను కోశాధికారిగా ఉంటూ రాజు అనుమతి లేకుండా ఖజానా సొమ్ము గుడికి ఖర్చుపెట్టాడట. కళ్లు తీయించమని రాజు ఆజ్ఞాపిస్తే తానే కళ్లు పెరికి గోడకేసి కొట్టాడట. కల్యాణమండపం దగ్గర గోడమీద ఉన్న రెండు ఎర్రని మరకలను చూపించి ఈ కథ చెబుతారు. పైకప్పు లేకుండా ఆగిపోయిన కల్యాణమండపమే దానికి సాక్ష్యమంటారు. కథను బలపరిచే శాసనమేదీ లేదు. మండపం మాత్రం నిజంగానే అసంపూర్తిగా ఉంది. 38 స్తంభాలు ఆకాశం కింద నిలబడి ఉంటాయి. వాటిమీద శివపార్వతుల పెళ్లికి వచ్చిన దేవతలు, మునులు, దిక్పాలకులు చెక్కి ఉన్నారు. నాట్యమండపం చీకట్లో సరిగా తెలియని ఉలి పనితనం ఇక్కడ పట్టపగటి వెలుతురులో గీత గీతా కనిపిస్తుంది.

దాని పక్కనే లతామండపం. స్తంభాల ముఖాలమీద తీగలు, పూలు, హంసలు, గళ్లు పేర్చిన రకరకాల నమూనాలు ఉన్నాయి. లేపాక్షి అంచు పేరుతో చీరలమీదికి ఎక్కినవి ఇవే. పట్టుచీరలకు పేరున్న ధర్మవరం ఇదే జిల్లాలో ఉంది. రాష్ట్ర ప్రభుత్వ హస్తకళల దుకాణాలకు కూడా ఈ ఊరి పేరే పెట్టారు. ఆవరణలో ఇంకొంచెం తిరిగితే ఏడు పడగల నాగలింగం వస్తుంది. పెద్ద బండను అక్కడికక్కడే మలిచి చుట్టలు చుట్టిన పాము మధ్య లింగాన్ని నిలిపారు. శిల్పులకు అమ్మ వంట చేసి అన్నం తెచ్చేలోపు దీన్ని చెక్కేశారన్నది ఊరి కథ. అదే బండకు మరోవైపు వినాయకుడు, సప్తమాతృకలు ఉన్నారు. నేలబండమీద కంచాల్లా తొలిచిన గుంటలను శిల్పులు అన్నం తిన్న పళ్లేలుగా చూపిస్తారు. రంగులు కలుపుకోవడానికి తొలిచినవన్నది ఇంకొందరి ఊహ. దగ్గరలోనే పెద్ద పాదముద్ర ఒకటి ఎప్పుడూ తడిగా ఉంటుంది. దాన్ని సీతమ్మ పాదమంటారు.

రామాయణంతో ఈ ఊరికి ఉన్న బంధం అక్కడితో ఆగదు. రావణుడి కత్తికి రెక్కలు తెగిన జటాయువు పడింది ఇక్కడేనని స్థలపురాణం. ఊళ్లో ఒక బండగుట్టమీద ఇప్పుడు పెద్ద జటాయువు విగ్రహం నిలిపారు. గుట్ట ఎక్కితే ఊరు, పొలాలు, దూరపు కొండలు కనిపిస్తాయి. 2024 జనవరి 16న ప్రధాని నరేంద్ర మోదీ వీరభద్రస్వామిని దర్శించుకున్నప్పుడు కూడా ఈ జటాయువు కథ దేశమంతా మరోసారి వినిపించింది.

ఊరి మొదట్లో రోడ్డు పక్కన ఉన్న నంది ఏకశిల. ఎత్తు సుమారు 15 అడుగులు, పొడవు 27 అడుగులు. మెడలో గంటల పేర్లు, ఒంటిమీద నగలు స్పష్టంగా కనిపిస్తాయి. గుడిలోని నాగలింగానికేసి తల కొంచెం పైకెత్తి చూస్తున్నట్టు కూర్చుని ఉంటుంది. ఆ తల ఎత్తిన తీరులోనే దీని అందమంతా ఉంది. నందులు సాధారణంగా ప్రశాంతంగా ఎదుటికి చూస్తాయి. ఇది మాత్రం పిలిస్తే లేచి వచ్చేలా ఉంటుంది. గుడినీ ఈ నందినీ కలిపి 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేర్చారు. సంరక్షణ బాధ్యత కేంద్ర పురావస్తు శాఖది.

అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా ఇక్కడ తిరగడానికి హాయిగా ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో గుడి ఆవరణలో రాయి కాలి కింద కాలుతుంది. చెప్పులు బయట విడవాలి కాబట్టి ఆ నెలల్లో పొద్దున్నే రావడం తెలివైన పని. తిండికి ఈ సీమ రుచులే వెతుక్కోవాలి. పొద్దున బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జి. మధ్యాహ్నం రాగిముద్ద, దానికి తోడు శెనక్కాయల ఊరిబిండి, పప్పు. పండగరోజైతే ఓళిగలు. చుట్టుపక్కల పొలాల్లో శెనక్కాయ పైరుతో పాటు మల్బరీ తోటలు కనిపిస్తాయి. పట్టుగూళ్లు, చింతపండు, బెల్లం వ్యాపారాలకు హిందూపురం పేరుమోసిన ఊరు.

చేతిలో మరో రోజు ఉన్నవారికి చుట్టూ మంచి దారులున్నాయి. చిలమత్తూరు మండలంలోని వీరాపురానికి ఏటా చలికాలం చివర కొంగలు వస్తాయి. ఊరి చింతచెట్లమీద గూళ్లు కట్టి, పిల్లల్ని పెంచి, వానాకాలంలో వెళ్లిపోతాయి. ఊరివాళ్లు వీటిని సైబీరియా పక్షులంటారు గానీ, ఇవి మన దేశపు ఎర్రకాళ్ల కొంగలే. గూళ్లున్న రోజుల్లో ఊళ్లో టపాసులు కాల్చరు, చెట్టు కొట్టనివ్వరు. చెరువుల్లో నీళ్లుంటేనే చేపలు, చేపలుంటేనే కొంగలు. అందుకే కరువు ఏడాది గూళ్లు పలచబడతాయి.

ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మల ఊరు. ఇక్కడి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలును వేడినీళ్లలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, బిగించి ఎండబెడితే కాంతి సాగేలా పలచబడుతుంది. దానిమీద బొమ్మ గీసి, చిన్న ఉలితో ఒక్కో పోటు పొడుస్తూ నగల చోట, చీర అంచు చోట రంధ్రాలు వేస్తారు. తర్వాత రెండువైపులా రంగు దిద్దుతారు. తెర వెనక దీపం పెట్టగానే ఆ రంధ్రాలు ముత్యాలవుతాయి. పక్కకు తిరిగిన ముఖాలు, పెద్ద కళ్లు, చీరల గళ్లు చూస్తే లేపాక్షి కప్పు గుర్తుకు రాక మానదు. ఆటలు ఆడించుకునే ఊళ్లు తగ్గాక కళాకారులు అదే పనితనంతో దీపాల తొడుగులు, గోడబొమ్మలు చేసి అమ్ముతున్నారు. ఇంటికెళ్లి అడిగితే పని చూపిస్తారు.

పెనుకొండ విజయనగర రాజుల రెండో రాజధాని. అక్కడ కోట, గగనమహల్, బాబయ్య దర్గా, జైన బసది ఒకే పూటలో చూడొచ్చు. కదిరి వైపు వెళ్తే తిమ్మమ్మ మర్రిమాను. అయిదెకరాలకు పైగా పరుచుకున్న ఈ మర్రికి వెయ్యికి మించిన ఊడలున్నాయి. 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. పెద్ద చెట్టు చూడాలన్న ఉబలాటంతో వెళ్లినవారికి అక్కడ చెట్టులా కాక అడవిలా కనిపిస్తుంది.

పడమటి వైపు మడకశిర మీదుగా వెళ్తే హేమావతి. ఇది లేపాక్షికన్నా అయిదారు వందల ఏళ్ల పాతది. నొళంబ పల్లవుల రాజధానిగా వెలిగిన ఊరు. నల్లరాతిని అద్దంలా నునుపు తేల్చడం నొళంబ శిల్పుల ప్రత్యేకత. ఇక్కడి సిద్ధేశ్వరుడు లింగంగా కాక మానవరూపంలో కొలువై ఉంటాడు. హేమావతి శిల్పాలు కొన్ని చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉన్నాయి. కొన్ని నొళంబ స్తంభాలు చోళుల కాలంలోనే తమిళనాట తిరువయ్యారు గుడికి తరలిపోయాయని చరిత్రకారులు చెబుతారు. మిగిలినవి ఆలయ ఆవరణలోనే చూడొచ్చు. ఈ దారికి సొంత బండి ఉంటే మేలు. హిందూపురం నుంచి పొద్దున బయలుదేరితే సాయంత్రానికి తిరిగి రావచ్చు.